మెడ కొలత

చండూరు అంగడి బజార్ల
నా కుట్టుమిషనుకు పందొమ్మిదేండ్లు.
జాకెట్లకు పండుగల గిరాకి,
కండువాలకు ఎలక్షన్ల గిరాకి.
కండువాకు కొలతేందంటరు.
ఉంటది.
మా లీడరుది పొట్టి మెడ, మీద రెండు పేటల గొలుసు.
అంచు బరుకుగుంటె చెమటకాయలు లేస్తయి,
మెత్తగ మలిచి కుట్టాలె.

మొదటిసారి ఒక రంగు కుట్టిన.
మూడేండ్లకు ఇంకో రంగు.
మొన్న రాత్రి పదకొండింటికి షట్టర్ కొట్టి
"అండాలూ, పొద్దుగాల కల్లా వెయ్యి కావాలె" అన్నడు.
ఏ రంగో చెప్పలే.
బండెక్కినంక ఫోన్ల చెప్పిండు, గొంతు తగ్గించి.
రంగు మారింది. మెడ అదే.

ప్రతిసారి నేనడిగింది ఒక్కటే.
పోస్టాఫీసు ఎనుక మా గల్లీ మోరి.
వాన పడితె ఇంట్లకొస్తది,
మిషను ఇటుకల మీద పెట్టి తొక్కుత.
"అయితది" అన్నడు ఆ రంగుల.
"మాది గవర్నమెంటు కాదు కద" అన్నడు ఈ రంగుల.
ఇప్పుడేమో
"పార్టీ మారింది మీ అసుంటోళ్ల కోసమే" అని
అడ్వాన్సు ఇయ్యకుండ పోయిండు.

వెయ్యీ కుట్టిన.
కుట్టనని చెప్పే ధైర్యం ఆ రాత్రి లేకుండె,
ఇంట్ల బియ్యం గూడ లేకుండె.
వచ్చిన పైసలు మాత్రం
మున్సిపాలాఫీసుల డిపాజిట్ కట్టిన.
"ఏ పార్టీ అమ్మా?"
ఏదీ కాదు సార్.
"అయితె స్వతంత్ర అని రాయి."
స్వతంత్ర!
బళ్లె ఆగస్టు నెల పిప్పరమెంట్ల మాట.
నా పేరు పక్కన రాస్తుంటె
పెన్ను రెండుసార్లు ఆగింది.

గుర్తు కుట్టుమిషన్ అడిగిన.
చీటీ తీస్తె ఇంకొకనికి పోయింది,
సూదిల దారం ఎక్కియ్యరానోనికి.
నాకు బీరువా వచ్చింది.
మా ఇంట్ల ఉన్నది తుప్పు పట్టిన ట్రంకు పెట్టె.
ఇల్లిల్లు తిరిగి "బీరువాకు ఎయ్యుండ్రి" అంటె
"తాళం ఎవలి దగ్గరుందే?" అని నవ్విండ్రు ఆడోళ్లు.
నేనూ నవ్విన.
హమాలీ జాంగీర్, పాల సైదులు నా ఎంబడి నడిచిండ్రు.
నీళ్లు తాగి ఎముకలు వంగిన బక్కయ్య తాత
గడప కాడికే వచ్చి
"ఓటు నీకే, నిలబడి ఎయ్యలేను, కూసోని ఎస్త" అన్నడు.

నలభై ఒక్క ఓట్లు.
డిపాజిట్ పాయె.
పొట్టి మెడ మనిషి తమ్ముడు గెలిచిండు,
మా బజార్ల పటాకులు కాలిస్తె నా షట్టర్ మసిబారింది.

కాని నేను ఏళ్ల మీద లెక్క పెట్టుకున్నది ముప్పై మూడే.
తక్కిన ఎనిమిది మంది ఎవలు?
అప్పటి సంది
కల్లు డిపో కాడ, కిరాణం కాడ, బస్సుల
ఎదురొచ్చినోళ్లందరి మొకం జరసేపు చూస్త.
వీళ్లేమో.
వీళ్లేమో.

ఇప్పుడు ఆదివారం పొద్దుమీకి
షట్టర్ సగం దించి కూసుంటున్నం.
ఛాయ్ జాంగీర్‌ది, తిట్లు తాతయి.
పేరు పెడదామన్నడు సైదులు.
పేరు పెడితె జెండా కావాలె,
జెండా అయితె నేనే కుట్టాలె,
వద్దన్న.
మిగిలిన తుక్డాలన్నీ కలిపి
బొంత కుట్టుమన్నదొక టీచరమ్మ.
రంగు దిగుతది మేడం,
మిషను నూనె తుడుస్తున్న వాటితోని.

నిన్న మోరిల దిగినం.
నల్లటి మట్టి, సీసాలు, ఒక పాత చెప్పు,
అండ్ల చిక్కుకొని పోయినసారి కండువా.
అంచు చూసి గుర్తుపట్టిన, నా కుట్టే.
మధ్యాహ్నం ఒక పిలగాడు వచ్చి నిలబడ్డడు.
గెలిచినోళ్ల ఊరేగింపుల డప్పు ముంగట ఎగిరినోడే.
మొన్నటి కండువా తలకు చుట్టుకున్నడు,
ఎండ మస్తుగుండె.
ఎనిమిదిల ఒకడా?

అడగలే.
పార ఇచ్చిన.